తొమ్మిది ఇళ్ళ నీళ్ళు

సోమవారం సంఘ పెద్దల కూటం మూడు గంటలు నడిచింది. అందులో రెండున్నర గంటలు ఈస్టరు పాటలవాళ్ళు కప్పుకోవాల్సిన శాలువాల రంగు దగ్గరే అయిపోయాయి. ఆ తర్వాత అందరూ పట్టేసిన మోకాళ్ళు సర్దుకుంటూ లేవబోతుంటే, కార్యదర్శి హ్రె మాంగ్ రిజిస్టరు మళ్ళీ తెరిచి, "ఇంకొక్క చిన్న విషయం" అన్నాడు.

వాన్ కియోకి అప్పుడే ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా ఆ రిజిస్టరును చూస్తున్నాడు. ఊళ్ళో పెద్ద తలనొప్పులన్నీ అందులోంచి చిన్న విషయాలుగానే బయటికొచ్చాయి.

"మనల్ని విడిచిపోయిన తొమ్మిది ఇళ్ళ సంగతి" అన్నాడు హ్రె మాంగ్. "వానాకాలంలో వెళ్ళారు. వెదురు పాక వేసుకుని వేరే ఆరాధన పెట్టుకున్నారు. సరే, వాళ్ళిష్టం. కానీ తాగేది మన గొట్టం నీళ్ళే. ఆ గొట్టం సంఘం చందాతో వేసుకున్నది. సంఘం వద్దన్నవాళ్ళకి సంఘం నీళ్ళు మాత్రం కావాలా?"

లుంగ్‌రాంగ్ ఊరు కొండ వీపు మీద ఉంటుంది. నీటి ఊట పైనెక్కడో అడవిలో, వాగు కిందెక్కడో లోయలో. మార్చి నెలలో ఆ గొట్టం లేకపోతే ఏమవుతుందో అక్కడున్న పన్నెండు మందికీ తెలుసు.

"మరీ నీళ్ళు ఆపడమంటే..." అని ఒక పెద్దాయన నసిగాడు.

"వెళ్ళగొట్టడం కాదు పెద్దాయనా ఇది. తిరిగి రమ్మని పిలవడం. నాలుగు రోజులు బిందె మోస్తే ఇల్లు గుర్తొస్తుంది."

అందరూ పాస్టరు వంక చూశారు. పాస్టరు పైకప్పు రేకుల వంక చూశాడు. "ఏది చేసినా ప్రేమతో చేద్దాం" అన్నాడు.

"ఆమెన్" అన్నారు అందరూ. చేతులు లేచాయి. వాన్ కియో చెయ్యి కూడా లేచింది. అతనికి మోకాలు సలుపుతోంది, ఆకలేస్తోంది, అటూ ఇటూ ఉన్నవాళ్ళిద్దరూ చేతులెత్తారు. ఆలోచించి ఎత్తింది కాదు గానీ, ఎత్తాక దించనూ లేదు.

హ్రె మాంగ్ తల ఎత్తకుండానే రాసుకుంటూ, "పని వాన్ కియోది" అన్నాడు. "రేపు పొద్దున్నే."

ఊళ్ళో గొట్టాల పని వాన్ కియోదే. ఏడాదికి ఇంటికొక తవ్వెడు మొక్కజొన్నలు ఇస్తారు, ఎప్పుడు నీళ్ళు సన్నగా వచ్చినా తిట్లు ఇస్తారు. హ్రె మాంగ్ అతని భార్యకు అన్న. అందుకని రెండో రకం ఇంటికే వచ్చి చేరుతాయి.

ఆ సాయంత్రం భార్య దౌత్ సుంగ్ మొక్కజొన్న గటక గిన్నె అతని ముందు పెట్టిన చప్పుడుకి పొయ్యి దగ్గరున్న పిల్లి లేచిపోయింది.

"మా అన్న రాస్తాడు, నువ్వు కడతావు. బాగుంది ఇద్దరి జోడీ!"

"నేనొక్కణ్ణేనా? పన్నెండు మంది చెయ్యెత్తారు."

"పన్నెండు మందీ పానా పట్టుకుని వస్తారా రేపు?"

వాన్ కియో గటకలోకి గోంగూర పులుసు వంపుకుని ముద్ద మింగాడు. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదన్నట్టు ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

*

మంగళవారం పొద్దున సంచీలో పానా, కట్టుతీగ చుట్ట, సైకిలు ట్యూబు ముక్కలు వేసుకుని బయల్దేరాడు. ఒక్కో ఇంటికి గొట్టం చీలే చోట జానెడు లోతు గుంట ఉంటుంది, మీద పలకరాయి కప్పి ఉంటుంది. రాయి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి వాల్వు తిప్పాలి. ఏళ్ళ తరబడి తిప్పనివి, తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. మొదటి దానికే అరగంట పట్టింది. తిప్పాక తీగతో కట్టి మెలిపెట్టాలి, ఎవరూ విప్పకుండా. తీగ సంగతి కూడా రిజిస్టరులో రాశాడు మహానుభావుడు.

అతను కోరుకున్నది ఒక్కటే. ఎవరో ఒకరు బయటికొచ్చి నాలుగు తిట్టాలి. తిడితే తానూ తిరిగి నాలుగు తిట్టి, రాయి మూసేసి, ముందుకు పోవచ్చు. ఒక్కరూ తిట్టలేదు. రెండో ఇంట్లో ఆడమనిషి గుమ్మంలో నిలబడి, అతను తిప్పడం మొదలుపెట్టక ముందే రెండు క్యాన్లు గబగబా నింపుకుంది. అవి నిండేదాకా అతను పానా ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో ఇంట్లో పసిపిల్ల గుడ్డలు తీగ మీద ఆరుతున్నాయి. నీళ్ళోడుతున్నాయి ఇంకా.

అయిదో ఇల్లు వడ్రంగి బోయి లియాన్‌ది. వాన్ కియోతో కలిసి బడికి వెళ్ళి, కలిసి బడి మానేసినవాడు. ఈ గొట్టం వేసిన ఏడాది ఇద్దరూ ఒకే బొంగుకి చెరో కొసా భుజం పెట్టి ఇనప గొట్టాలు కొండెక్కించారు. బోయి లియాన్ చిత్రిక పడుతున్నవాడు చిత్రిక ఆపి, లోపలికెళ్ళి చిన్న పీట తెచ్చి గుంట పక్కన వేశాడు.

"మోకాలు నేల మీద పెట్టకు. చెమ్మగా ఉంటుంది."

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు వాన్ కియో.

"ఎందుకు?"

"నీ నీళ్ళు కట్టెయ్యడానికొచ్చాను."

"తెలుసు. నిన్న సాయంత్రమే తెలిసింది. అయితే మోకాలు నొప్పి పోతుందా?"

వాన్ కియో పీట మీద కూర్చోలేదు. పంతానికి నేల మీదే మోకాళ్ళు పెట్టాడు. లేచేటప్పుడు మాత్రం ఆ పీట అంచు పట్టుకునే లేవాల్సి వచ్చింది.

"చప్పట్లు కొట్టకుండా పాడితే మీ సొమ్మేం పోయేదిరా?" అన్నాడు దులుపుకుంటూ. ఊరు విడిపోయింది ఆ గొడవతోనే. పాటకు చప్పట్లు కొట్టాలా, కొట్టకూడదా అని మొదలై, ఎవరు ఎవర్ని ఏమన్నారో దగ్గరికొచ్చి, అక్కణ్ణుంచి ఎవరికి పరలోకం ఉందో దాకా పోయింది.

"కొడితే మీదేం పోయేది?" అన్నాడు బోయి లియాన్.

బోయి లియాన్ మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

ఆఖరి ఇల్లు యాంగ్ చిన్ అనే ముసలామెది. ఊరంతా ఆమెను 'పీ' అనే పిలుస్తారు, అవ్వా అన్నట్టు. చూపు సగం పోయింది గానీ నోరు నిండుగా ఉంది. చివరికి ఇక్కడైనా తిట్లు దొరికాయి అనుకున్నాడు వాన్ కియో.

"ఎవరది, గుంటలో చెయ్యి పెట్టింది?"

"నేను పీ, వాన్ కియోని."

"ఓహో! దొంగేమో అనుకున్నా. దొంగ కాదన్నమాట, సంఘ పెద్ద!"

"పెద్దలు తీర్మానం చేశారు పీ. నాదేముంది?"

"మీ అమ్మకు పురుడు పోసింది నేనే. బొడ్డు కోసి కడిగింది ఈ చేతులే. ఏ సంఘం నీళ్ళతో కడిగానో నాకు గుర్తు లేదురా. నువ్వు రిజిస్టరులో చూసి చెప్పు." గుమ్మానికి ఆనుకుని, "కూర్చోబెట్టి టీ ఇద్దామంటే కుండలో ఉన్నది రేపటికి కావాలి. ఏమీ అనుకోకు" అంది.

వాన్ కియో తీగ మెలిపెట్టాడు. చెయ్యి జారి తీగ మొన బొటనవేలిలో దిగింది. రక్తం చప్పరిస్తూ, పలకరాయి కాలితో తోసి, నేరుగా పాస్టరు ఇంటికి నడిచాడు.

పాస్టరు ఈస్టరు ప్రసంగం రాసుకుంటున్నాడు. చెవి మీద పెన్సిలు ఉంది. వాన్ కియో చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. మంచివాడే. ఎవరు చెప్పినా అలాగే తల ఊపుతూ వింటాడు. నిన్న హ్రె మాంగ్ చెబుతున్నప్పుడూ అలాగే ఊపాడు.

"నాకూ బాధగానే ఉంది" అన్నాడు.

"బాధగా ఉంటే వద్దని చెప్పండి మరి."

"చెబితే ఈ మిగిలినవాళ్ళు రెండు ముక్కలవుతారు. ఒకసారి విడిపోయిన సంఘం ఇది. దీన్ని ప్రార్థనలో పెడదాం."

"అయ్యగారూ, ప్రార్థనలో పెట్టండి. కానీ ఆ పిల్ల గుడ్డలు ఎక్కడ ఉతకాలో అది కూడా ప్రార్థనలో అడగండి."

పాస్టరు చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. వాన్ కియో అక్కడ ఇంకో నిమిషం ఉంటే ఏమనేవాడో అతనికే తెలియదు. వచ్చేశాడు.

*

బుధవారం తెల్లవారేసరికి పోడు కాల్చిన పొగ లోయంతా పరుచుకుంది. ఆ పొగలోంచి ఆడవాళ్ళు వరసగా దిగుతున్నారు, నుదుటికి పట్టీ వేసి, వీపున బుట్టలో క్యాన్లు పెట్టుకుని. వాగుకి దిగడం ముప్పావు గంట, ఎక్కడం గంటన్నర. బోయి లియాన్ కోడలు నెలలు నిండిన కడుపుతో బుట్ట మొయ్యలేక రెండు చేతులా రెండు చిన్న బిందెలు పట్టుకుని వెళుతోంది. వాన్ కియో పళ్ళు తోముకుంటూ చూశాడు. అతని పంపు వదిలింది వదిలినట్టే పారుతోంది.

దౌత్ సుంగ్ వచ్చి పంపు కట్టేసింది. ఏమీ అనలేదు. నిన్నటి నుంచీ ఏమీ అనడం లేదు. అదొక కొత్త పద్ధతి.

గంట తర్వాత చూస్తే ఇంట్లో రెండు పెద్ద కుండలు లేవు, ఆమె కూడా లేదు. కాసేపటికి ఖాళీ కుండలతో తిరిగొచ్చింది.

"ఎక్కడికి మోశావు?"

"పీ ఇంటికి."

"పెద్దలకి తెలిస్తే?"

"తెలియనీ. నా నెత్తి మీద వాల్వు లేదుగా, కట్టెయ్యడానికి."

ఇంతలో హ్రె మాంగ్ వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, చంకలో రిజిస్టరు.

"బావా, మా ఇంట్లో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. మందిరంలో అయితే చుక్కలే. తొమ్మిది ఇళ్ళు ఆపినా ఇంకా సన్నగా ఎలా వస్తాయి?"

వాన్ కియోకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ తొమ్మిది ఇళ్ళు తాగేయడం వల్ల కాదు బావా. పైన తొట్టిలో మట్టి పేరుకుంది. మూడు నెలలైంది కడిగి. రేపు గురువారం కడగాలి."

"అయితే కడుగు."

"ఒక్కణ్ణి కడగలేను. ఆరుగురు కావాలి. వంతు ఎవరిది?"

ఏడాది మొదట్లోనే ఊళ్ళో అన్ని ఇళ్ళకీ వంతులు వేసి నూతన సంవత్సరం నాడు మందిరం గోడకి అంటించారు. హ్రె మాంగ్ రిజిస్టరులో వెతికి, రెండు పేర్లు చదివాడు. ఆ ఇద్దరికీ రేపు ఈస్టరు పాటల సాధన ఉందని, మగ గొంతులు అసలే తక్కువని తానే అన్నాడు. తర్వాతి నాలుగు పేర్లు చదవకుండా పుస్తకం మూసేశాడు.

"మిగతా నలుగురు?"

"వాళ్ళు లేరులే."

"లేరంటే?"

"ఆ తొమ్మిది ఇళ్ళ వాళ్ళు."

"అంటే రేపు నేనొక్కణ్ణే పోవాలి."

"దేవుడు తోడుంటాడు బావా."

"తోడుంటాడు సరే, మట్టి తట్ట పట్టుకుంటాడా?" అని వాన్ కియో అరిచాడు. హ్రె మాంగ్ అలాంటి మాటలు వినకూడదన్నట్టు చెవులు మూసుకుని వెళ్ళిపోయాడు.

*

గురువారం పొద్దున వాన్ కియో రెండు గంటలు కొండెక్కాడు, అడుగడుగునా ఎవరో ఒకర్ని తిట్టుకుంటూ. మొదటి మలుపు దాకా హ్రె మాంగ్‌ని. పైన్ చెట్ల దాకా పాస్టరుని. రాళ్ళ మెట్ల దగ్గర పాటలవాళ్ళని, వాళ్ళ శాలువాల్ని. ఎర్ర పూల చెట్లు దాటాక తిట్టడానికి ఇంకెవరూ మిగలక, చెయ్యెత్తిన తన చేతిని తిట్టుకున్నాడు. మోకాలు వాచింది. ఒక్కడే అయితే తొట్టిలో అడుగు మట్టి కూడా పూర్తిగా తియ్యలేడని తెలుసు. పైపైన గీకి, దిగిపోదామనుకున్నాడు.

తొట్టి దగ్గర మాటలు వినిపించాయి.

మూత పలకలు నాలుగూ అప్పటికే పక్కకి జరిపి ఉన్నాయి. అడుగు బిరడా తీసి ఉంది, ఎర్రటి నీళ్ళు వాలులోకి పారిపోతున్నాయి. తొట్టి లోపల తొడల లోతు బురదలో బోయి లియాన్ నిలబడి తట్టతో మట్టి ఎత్తి ఇస్తున్నాడు. గట్టు మీద ఇద్దరు అందుకుని దూరంగా పోస్తున్నారు. నాలుగోవాడు లాల్ బిక్ అనే పాతికేళ్ళ కుర్రాడు, ఊట నోటికి కట్టిన జల్లెడలోంచి కుళ్ళిన ఆకులు పీకుతున్నాడు.

వాన్ కియో సంచీ కింద పెట్టాడు. మాట కోపంగానే వచ్చింది.

"ఏం చేస్తున్నారిక్కడ?"

"కనబడట్లేదా?" అన్నాడు బోయి లియాన్. "ఆలస్యంగా వచ్చి పైగా అడుగుతున్నావు."

"మీకెవరు చెప్పారు రమ్మని?"

"గోడకి మీరే అంటించారుగా. మార్చి నెల మూడో గురువారం. మా నాలుగిళ్ళ వంతు."

"బుద్ధుందట్రా మీకు? మీ నీళ్ళు ఆపేశాను! నా ఈ చేత్తో! ఇక్కడ మీరు ఎంత కడిగినా ఒక్క చుక్క మీ ఇంటికి రాదు!"

"ఆపింది నీళ్ళు. వంతు ఆపలేదు కదా" అన్నాడు బోయి లియాన్. తట్ట పైకెత్తాడు. అందుకోవాల్సినవాడు మాటల్లో పడి అందుకోకపోవడంతో, "పట్టుకోవయ్యా, చెయ్యి లాగుతోంది" అన్నాడు.

వాన్ కియో ఆ తట్ట తానే అందుకున్నాడు. ఇంకేం చెయ్యాలో తెలియక దాన్ని మోసుకెళ్ళి పోశాడు. మళ్ళీ వచ్చాడు. రెండో తట్ట అందుకున్నాడు.

పని అలా సాగింది. మట్టి అయ్యాక గోడలు. కొబ్బరి పీచు లాంటి నాచు పట్టి ఉంది. తాటాకు బ్రష్షులతో కింది నుంచి పైకి రుద్ది, మళ్ళీ కడిగి, మళ్ళీ రుద్దారు. లాల్ బిక్ జల్లెడ విదిలిస్తూ ఉండబట్టలేకపోయాడు.

"నేను రానన్నాను మామా. నిజం చెబుతున్నా. నిన్న మా పాకలో గంట సేపు కొట్టుకున్నాం. సగం మంది వద్దన్నారు. మనమే కొత్త ఊట చూసుకుని, మనమే గొట్టం వేసుకుని, వీళ్ళెవరూ దాని దగ్గరికి రాకుండా కంచె కడదామన్నారు."

"అన్నవాళ్ళలో వీడే మొదటివాడు" అన్నాడు బోయి లియాన్ తొట్టిలోంచి. "మా దాంట్లోనూ ఉన్నార్లేరా హ్రె మాంగులు. కొదవేం లేదు."

"మరెందుకొచ్చావు?" అని వాన్ కియో లాల్ బిక్‌ని అడిగాడు.

కుర్రాడు బోయి లియాన్ వైపు గడ్డం చూపించాడు. "ఈయన మాట వినక చావాలిగా. ఊళ్ళో నీళ్ళు ఎవరు తాగుతారు, పసిపిల్లలు తాగరా, జ్వరమొచ్చినవాళ్ళు తాగరా, వాళ్ళు మందిరంలో ఎక్కడ కూర్చుంటారో అడిగి కడుగుతామా అన్నాడు. అని పార తీసుకుని బయల్దేరాడు. ఈ వయసులో ఒక్కణ్ణి ఎలా పంపుతాం?"

"నా వయసుకేమైందిరా?"

"ఏం కాలేదు. బురదలోంచి నిన్ను పైకి లాగడానికి ముగ్గురం కావాలి, అంతే."

వాళ్ళు నవ్వారు. వాన్ కియోకి నవ్వు రాలేదు. ఈ నలుగురిలో ఒక్కడు తిట్టినా బాగుండేది. మొన్నటి నుంచీ అదే వెతుకుతున్నాడు. ఒక్కడూ ఆ సాయం చెయ్యడం లేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బిరడా బిగించారు. ఊట నీళ్ళు సన్నటి చప్పుడుతో తొట్టి అడుగున పడటం మొదలుపెట్టాయి. నిండటానికి గంట పడుతుంది. అన్నాల మూటలు విప్పారు. ఉడకబెట్టిన మొక్కజొన్నలు, ఎండు మాంసం, మిరపకాయ పచ్చడి. వాన్ కియో మూటలో దౌత్ సుంగ్ అయిదుగురికి సరిపడా పెట్టింది. ఒక్కడే వెళుతున్నానని ఆమెకు చెప్పాడు కూడా. విప్పి, కాసేపు దాని వంక చూశాడు.

తినబోయే ముందు అందరి చేతులూ ఆగాయి. ప్రార్థన ఎవరు చెయ్యాలి? వాళ్ళు నలుగురు, తనొక్కడు. వాళ్ళు కళ్ళు మూసుకుని గట్టిగా, అందరూ ఒకేసారి చేస్తారు. తమవాళ్ళు ఒకరు చెబితే మిగతావాళ్ళు వింటారు. ఇది కూడా ఒక గొడవే అయింది అప్పట్లో.

"నువ్వు చెయ్యి" అన్నాడు బోయి లియాన్. "సంఘ పెద్దవి కదా."

వాన్ కియో టోపీ తీశాడు. "ప్రభువా" అన్నాడు. అన్నానికి ముందు పాతికేళ్ళుగా చెప్పే నాలుగు ముక్కలే. నిద్రలో లేపినా చెప్పగలడు. "ప్రభువా, ఈ అన్నం... ఈ అన్నం, ఈ నీళ్ళు..." అక్కడ ఆగిపోయింది. ఎంత తోసినా ముందుకు కదల్లేదు. తొట్టిలో నీళ్ళు పడే చప్పుడు మాత్రం వినపడుతోంది. కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ, నలుగురూ తల వంచుకుని తన కోసం ఎదురుచూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

చాలాసేపయ్యాక, "ఆమెన్" అన్నాడు బోయి లియాన్ మెల్లగా.

"ఇంకా అవ్వలేదురా."

"అయింది. ఆయనకి వినపడింది. తిను, పొద్దు పోతోంది."

*

మధ్యాహ్నం మూడు గంటలకి ఊరి మొదట్లోకి దిగారు. ఆ నలుగురూ తమ దారిన తాము పోయారు. వాళ్ళేమీ అడగలేదు. అడిగి ఉంటే, ఆలోచిస్తాననో, పెద్దలతో మాట్లాడతాననో వాన్ కియో చెప్పేవాడేమో.

అతను ఇంటికి పోకుండా నేరుగా మొదటి గుంట దగ్గరికి వెళ్ళి, రాయి తీసి, తీగ కత్తిరించాడు. పట్టపగలు. వాల్వు తెరిచేటప్పుడు మళ్ళీ అంతే బిగువు. రెండో ఇల్లు. మంగళవారం క్యాన్లు నింపుకున్న ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పంపు కింద ఏదైనా పెట్టమ్మా, గాలి కొడుతుంది ముందు" అన్నాడు ఆమె ముఖం చూడకుండా. ఎనిమిది ఇళ్ళయ్యేసరికి వీధిలో పదిమంది పోగయ్యారు. తొమ్మిదోది పీ యాంగ్ చిన్ ఇల్లు. అది కూడా తెరిచి, పానా సంచీలో వేసుకుంటుంటే హ్రె మాంగ్ వచ్చాడు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, కాని పరిగెత్తలేదన్నట్టు ఊపిరి బిగబట్టాడు.

"ఏమిటి బావా ఇది?"

"తెరిచాను."

"ఎవరు తెరవమన్నారు?"

"ఎవరూ అనలేదు. మూసినప్పుడు పన్నెండు మంది అన్నారు. తెరవడం నేనొక్కణ్ణే."

"సంఘం తీర్మానం అది! నువ్వు కూడా చెయ్యెత్తావు!"

"ఎత్తాను. అదే నా తప్పు. ఆ తొట్టి ఇవాళ ఎవరు కడిగారో తెలుసా నీకు? రిజిస్టరులో నువ్వు చదవని ఆ నాలుగు పేర్లు. మందిరంలో నీళ్ళు ధారగా వస్తున్నాయా ఇప్పుడు? వెళ్ళి చూడు. వాళ్ళు కడిగిన నీళ్ళే అవి. వాటిని ఏం చేద్దాం, పారబోద్దామా?"

ఆ సంగతి అతనికి తెలియదు. కానీ వీధిలో జనం ఉన్నారు, చంకలో రిజిస్టరు ఉంది.

"అది వేరు. ఇది క్రమశిక్షణ. సంఘమంటే ఒక కట్టుబాటు ఉండాలి."

"బావా, నాకు విసుగొచ్చింది" అన్నాడు వాన్ కియో. గొంతు పెంచలేదు. నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. "ఏడాది నుంచీ మనం దేవుడి గురించి మాట్లాడుకున్నది తక్కువ, మనవాళ్ళెవరు, వాళ్ళవాళ్ళెవరు అన్నదే ఎక్కువ. నేను బాప్తిస్మం తీసుకున్నది ఆయన పేరున. ఈ పుస్తకం పేరున కాదు. ఇవాళ ఆయన్ని తల్చుకుందామంటే నోరు పెగల్లేదు నాకు."

"ఆదివారం నీ పేరు చదవాల్సి వస్తుంది. పెద్దల్లోంచి తీసేసినట్టు."

"చదువు. గట్టిగా చదువు, వెనక బెంచీలకి వినపడదు. నేను వెనకే కూర్చుంటాను." సంచీలోంచి పానా తీసి చాపాడు. "ఇదిగో. మూయాలంటే నువ్వే మూసుకో. కుడి వైపుకి తిప్పాలి. మోకాళ్ళ మీద కూర్చుంటే గానీ చెయ్యి అందదు."

హ్రె మాంగ్ పానా అందుకున్నాడు. అందుకోకుండా ఉండటానికి వీల్లేకపోయింది, అందరూ చూస్తున్నారు. రిజిస్టరు ఎక్కడ పెట్టాలో అటూ ఇటూ చూసి చివరికి గోడ మీద పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, గుంట పక్కన మోకాళ్ళు ఆనించాడు. పానా వాల్వుకి తగిలించాడు. ఒకసారి జారింది. మళ్ళీ తగిలించాడు.

తలుపు తెరుచుకుంది. పీ యాంగ్ చిన్ రెండు చేతులా అల్యూమినియం గిన్నె పట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చింది. గిన్నెలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులు ఎండిన గొట్టంలోని తుప్పంతా కదిలి వస్తోంది.

"ఎవరది, గుంట దగ్గర?"

హ్రె మాంగ్ మోకాళ్ళ మీదే తల తిప్పాడు.

"నేను పీ, హ్రె మాంగ్‌ని."

"హ్రె మాంగ్‌వా! బాగుచెయ్యడానికొచ్చావా నాయనా? మంచిపని చేశావు. ఈ నీళ్ళు చూడు, నోట్లో పోసుకుంటే ఇసక తగులుతోంది."

ఆమె తెలియక అడిగిందా, తెలిసే అడిగిందా అన్నది వాన్ కియోకి అంతుపట్టలేదు. ఆమె ముఖం చూస్తే రెండూ సమానంగానే కనబడ్డాయి. హ్రె మాంగ్ తలెత్తి బావ వంక చూశాడు. వాన్ కియో పక్కింటి అరుగు మీద కూలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు. సాయం రాలేదు. జనం కదల్లేదు. దౌత్ సుంగ్ ఎప్పుడొచ్చిందో, ఆ గుంపులోనే ఉంది. అన్ననే చూస్తోంది.

"ఆ..." అన్నాడు హ్రె మాంగ్. "అదే... చూద్దామనే వచ్చాను పీ."

"అయితే పంపు దగ్గరికి రా. నాకు చూపు ఆనదు. నీళ్ళు ఎప్పుడు తేరాయో నువ్వే చెప్పాలి. వీళ్ళెవర్నీ నమ్మను, ఇంటికి పోవాలని తొందర, అయిపోయిందంటారు. నువ్వు పుస్తకం రాసేవాడివి, సరిగ్గా చూస్తావు."

గిన్నె అతని చేతుల్లో పెట్టింది. పానా ఉన్న చేత్తోనే అతను గిన్నె పట్టుకోబోయాడు. వీలు కాలేదు. పానా గుంట గట్టు మీద పెట్టాడు.

లేచినప్పుడు ప్యాంటుకి రెండు మోకాళ్ళ దగ్గరా గుండ్రంగా మట్టి అంటి ఉంది. పంపు దగ్గరికి నడిచి, ఎర్ర నీళ్ళు పారబోసి, గిన్నె నింపాడు. మళ్ళీ ఎర్రగానే ఉన్నాయి. పారబోశాడు. మూడోసారికి కొంచెం పలచబడ్డాయి. ముసలామె గుమ్మంలోనే నిలబడి, "తేరాయా?" అని అడుగుతోంది. అతను గిన్నెను ముఖం దాకా ఎత్తి, పడమటి ఎండకి పెట్టి, వంచి, తిప్పి, అడుగున ఏమైనా మిగిలిందేమో అని చాలాసేపు చూశాడు.

"ఇంకొంచెం ఉంది పీ" అన్నాడు. పారబోసి, గిన్నె మళ్ళీ పంపు కింద పెట్టాడు.